నీళ్ల కార్డు మీద రెండు చుక్కలు

చేవెళ్లలో మా ఇంటి ముందు గదిలోనే కంప్యూటర్ రిపేరు షాపు పెట్టిన కొత్త. చిన్న మంగళారంలో ఫామ్‌హౌస్ ఉన్న ఒక ఆర్కిటెక్టు తన కంప్యూటర్ తెచ్చారు. అందులో తెర మీద బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు గొట్టాల్లో తిరిగే నీళ్లతో చల్లబడుతుంది. దాని వెనక బ్యాక్‌ప్లేట్ అనే లోహపు రేకు బిగించమన్నారు. అది అందానికే అనుకుంటూ స్క్రూలన్నీ బిగించి, మూత పెట్టకుండానే కంప్యూటర్ ఆన్ చేసి, చేతులు కడుక్కుని వచ్చాను.

రేకు మీద రెండు నీటి చుక్కలు!

గొట్టం లీకైందనుకుని ప్లగ్గు పీకేశాను. అతుకులన్నీ తడిమాను. అన్నీ పొడిగానే ఉన్నాయి.

అంతలో అమ్మ కొబ్బరి చిప్పలతో వచ్చింది. "గంత పరేషాన్ ఎందుకు బిడ్డా? గిసొంటి కార్డు మన షాపుకు రావుడు ఇదే మొదలు గదా! కొబ్బరికాయ కొట్టి రెండు చుక్కలు చల్లిన."

"కరెంటు సామాను మీద నీళ్లు చల్లుతరా అమ్మా?"

"అది నీళ్లతోనే నడుస్తదని పొద్దుగాల నువ్వే చెప్తివి గద!"

చుక్కలు తుడిచి ఆన్ చేస్తే కార్డు చక్కగా పనిచేసింది. అందానికే అనుకున్న రేకే చుక్కలు సర్క్యూట్ మీద పడకుండా దాన్ని కాపాడింది. అమ్మ ఇప్పటికీ కొబ్బరికాయ కొడుతుంది, కాకపోతే గడప బయట. నేను మాత్రం బ్యాక్‌ప్లేట్ లేని కార్డును బల్ల మీద వదిలి పక్కకు కదలను.