అచోల్ ఓటు కోసం షికాగో

అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా కింద ఇంట్లో అచోల్ ఉంటుంది. అరవై దాటిన మనిషి. దక్షిణ సూడాన్ నుంచి శరణార్థిగా వచ్చింది. సూడాన్‌లో ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం ఒక ఒప్పందంతో ఆగింది. కలిసి ఉంటారో విడిపోతారో దక్షిణం వాళ్ళే ఓటేసి చెప్పాలన్నది అందులో షరతు. 2011 జనవరిలో ఆ ఓటు వచ్చింది. పేరు రాయించుకున్న చోటే ఓటెయ్యాలి. అచోల్‌ది షికాగో. పేరు రాయించుకున్నవాళ్ళలో నూటికి అరవైమందైనా వెయ్యకపోతే మొత్తం ఓటింగే చెల్లదట. తోడొస్తానన్న ఆమె మేనల్లుడికి లీవ్ దొరకలేదు. ముప్ఫై ఏళ్ళు టీచరుగా ఎలక్షన్ డ్యూటీలు చేసినదాన్ని, ఊరుకోగలనా? "నేనొస్తా, పద" అన్నాను.

ఉదయం ఆరున్నరకు మా అమ్మాయి మమ్మల్ని పక్క ఊరి స్టేషన్‌లో దింపింది. రైల్లో సీట్లు విశాలంగా ఉంటాయి, కాళ్ళు చాపుకోవచ్చు. తిండి మాత్రం ఇంటినుంచే తీసుకెళ్ళండి. నా పులిహోర, అచోల్ వేయించి తెచ్చిన వేరుసెనగపప్పు మాకు రెండుపూటలా సరిపోయాయి.

కలమజూ అనే ఊరు దాటాక నాలోని పోలింగ్ ఆఫీసరు నిద్రలేచింది. బ్యాలెట్ మీద రెండు బొమ్మలుంటాయి. కలిపిన చేతులంటే కలిసి ఉండటం, ఒంటి చెయ్యంటే విడిపోవడం. ఏదో ఒకదాని మీద బొటనవేలి ముద్ర వెయ్యాలి. తడి ఆరకుండా మడిస్తే ముద్ర రెండో బొమ్మకీ అంటుకుంటుంది, ఓటు గంగలో కలిసినట్టే. మా గుంటూరు జిల్లాలో అలా పాడైన ఓట్లు ఎన్ని చూశానో! అందుకే మనవరాలి ఊదారంగు స్టాంప్ ప్యాడ్ సంచిలో వేసుకొచ్చాను. కాగితం మీద రెండు బొమ్మలూ గీసి పాఠం మొదలుపెట్టాను.

"ముద్ర వెయ్యి. ఊదు. ఆరాక మడిచెయ్యి."

"వచ్చేసింది టీచర్."

"ఇంకొక్కసారి."

ఎదుటి సీట్లోని పెద్దావిడ ఏం చేస్తున్నారని అడిగింది. "ఓటు నేర్చుకుంటున్నా" అంది అచోల్, చిన్నపిల్లలా సిగ్గుపడుతూ.

షికాగోలో గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. పన్నెండు దాటాక టాక్సీలో పోలింగ్ కేంద్రానికి చేరాం. మంచులో పెద్ద క్యూ. ఆడవాళ్ళు పాడుతున్నారు. గుమ్మం దగ్గర ఒకతను అందరి చేతులూ చూస్తున్నాడు. అచోల్ బొటనవేలు, చూపుడువేలు ఊదారంగులో మెరుస్తున్నాయి.

"అమ్మా, మీరు వేసేశారు కదా. వెళ్ళిపోండి."

రెండోసారి వేసేవాళ్ళని నేనూ ఇలాగే వేళ్ళు చూసి పట్టుకునేదాన్ని. ఈ సంగతి నాకు తట్టకపోవడమేమిటి! అచోల్ ఓటరు కార్డు గుండెకి హత్తుకుని నిలబడిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

"తప్పు నాది బాబూ, పిల్లలు ఆడుకునే సిరా ఇది. సబ్బుతో పోతుంది, నీ ఎదురుగానే కడిగిస్తా" అని బతిమాలాను. అతను లోపలినుంచి పెద్దాఫీసరుని పిలిచాడు. ఆవిడ రిజిస్టరు తెరిచి అచోల్ పేరు వెతికింది. ఎదురుగా ఓటేసినట్టు సంతకం లేదు. బాత్రూమ్‌లో సబ్బు పెట్టి నేనే తోమాను. చర్మం కందిపోయింది, రంగు మాత్రం పోయింది. ఆఫీసరు రెండు చేతులూ తిప్పి చూసి, "రండమ్మా" అని అచోల్‌ని లోపలికి పంపింది. నాతో, "మీరు బయటే ఉండండి" అంది. బుద్ధిగా ఉన్నాను.

ఇరవై నిమిషాలకి అచోల్ చూపుడువేలు ఎత్తిపట్టుకుని బయటికొచ్చింది. ఈసారి అసలు సిరా. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశాం. సాయంత్రం లోకల్ రైల్లో గంటన్నర ప్రయాణం చేసి అరోరాలో మా మేనకోడలింట్లో పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే తిరుగు రైలెక్కాం. దేనికి వేశావని నేను అడగలేదు. అడగకూడదని ముప్ఫై ఏళ్ళు అందరికీ చెప్పినదాన్ని. అచోలే మాటెత్తింది.

"టీచర్, ఆ గదిలో చాలాసేపు కూర్చున్నా. తెర పక్కనుంచి ఆఫీసరమ్మ ఏమైందమ్మా అని అడిగింది."

"ఎందుకు? ముద్ర అలుక్కుపోయిందా?"

"లేదు. నా ఇద్దరు కొడుకులూ యుద్ధంలో పోయారు. వాళ్ళుంటే ఎక్కడ ముద్ర వేసేవాళ్ళో అని ఆలోచించా. ఆ తర్వాతే వేశా."

ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. రైలు డెట్రాయిట్ వైపు పోతోంది.

"మరి మడిచావా, సరిగ్గా?"

"ఆరేదాకా ఊదాను టీచర్. ముగ్గురి ఓటు కదా."