బాబాయి మూట, జబల్‌పూర్ అప్పీలు

పక్క ఫ్లాటులో ఎవరో ఎండు నెత్తళ్లు వేయిస్తున్నట్టున్నారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే నాకు నోరూరే ముందు అనుమానం పుడుతుంది, అందులో ఇంకేదైనా కలిసిందేమోనని ముక్కు వెతుకుతుంది. ఈ జబ్బు నాకు మా బాబాయి వల్ల అంటుకుంది.

రాయపూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వరసంతా విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లమే. వేసవిలో ఎవరు ఊరికి వెళ్లినా తిరుగు పాసింజరులో కాలనీ మొత్తానికీ మూటలు మోసుకురావాల్సిందే. నెత్తళ్లు, ఎండురొయ్యలు, తాటిబెల్లం, నూనె ఇంకా తేరని కొత్త ఆవకాయ, అన్నీ మా వరండాలో కుప్పగా పడేవి. పక్కింటి హిందీవాళ్లు ముక్కు మూసుకుని తలుపులు బిగించుకుంటుంటే, మేం పిల్లలం ఆ కుప్ప చుట్టూ ఈగల్లా మూగేవాళ్లం. కాని ఒకరి మూట ఇంకొకరు విప్పడం మా వాళ్లలో మహా తప్పు. "ఆడి మూట ఆడిది, మనకేటి" అనేది నాయనమ్మ. మన యాసలో అడిగినవాడికి మూట ఇవ్వడం, వాడిచ్చిన డబ్బు పంపినవాడికి చేర్చడం, అంతే.

బాబాయి వ్యాగన్ల షెడ్డులో ఫిట్టరు. ఒక ఏడాది వేసవిలో మూటలు తెచ్చింది ఆయనే. నేను తొక్కుడుబిళ్ల ఆడుతుండగా తెల్లచొక్కా మనిషొకడు వచ్చి, "రాయగడ నుంచి మా మూటొచ్చిందేటి?" అని అచ్చం మనలాగే అడిగాడు. పిన్ని మంచినీళ్లిచ్చింది. బాబాయి లోపలికెళ్లి మూట తెచ్చిచ్చి డబ్బు అందుకున్నాడో లేదో, ఆ మనిషే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మారువేషంలో వచ్చిన పోలీసు. మూటలో నెత్తళ్ల కింద గంజాయి. మా నీళ్లు తాగి మరీ పట్టుకున్నాడని నాకిప్పటికీ కడుపుమంటే.

దారిలో రాయగడ స్టేషన్లో తెలిసినవాడెవడో ఇచ్చాడనీ, చేపలే అనుకున్నాననీ బాబాయి మొత్తుకున్నా రాయపూర్ కోర్టు పదేళ్లు వేసింది. కాలనీలో ఎవరు పితూరీ చెప్పారోనని మా వాళ్లు, ఇంకెవరికి ఈ వ్యాపారముందోనని మిగతావాళ్లు, ఒకరినొకరు ఓరకంట చూసుకోవడం మొదలైంది. తెలుగు మాట్లాడే కొత్తమనిషి వస్తే ఇంటిపేరూ ఊరూ తేలేదాకా గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

అప్పట్లో మాకు హైకోర్టు జబల్‌పూర్‌లోనే ఉండేది, నాన్న అక్కడ అప్పీలు వేయించాడు. నాకు ఓణీలు వచ్చేదాకా అది నడిచింది. ఒకరోజు నాన్న అక్కణ్నుంచి నవ్వుతూ వచ్చాడు. "బరీ అయిపోనాడమ్మా, ఒగ్గీసినారు. పోలీసులేసిన లక్క ముద్రా, పరీచ్చకెళ్లిన పొట్లం మీద ముద్రా ఒకటేనని రుజువు సెయ్యలేకపోనారు."

పిన్ని నవ్వలేదు. "ఈయనకి తెలీదని జడ్జీగారు అన్నారేటి, బావగారూ?"

"ఆ ఊసే రాలేదమ్మా. ముద్ర కాడే తేలిపోనాది."

ఆ జవాబు ఆమెకు చాల్లేదని ఆమె మొహం చూస్తే నాకే తెలిసింది.

ఇప్పుడా క్వార్టర్లు లేవు. ఊరి మూటలు మోసేవాళ్లూ లేరు, ఆవకాయ కూడా కొరియర్‌లో దిగుతోంది. బాబాయీ పిన్నీ రాయపూర్ దగ్గర అభన్‌పూర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. మొన్న వెళ్లినప్పుడు ధైర్యం చేసి అడిగాను, ఇన్నేళ్లయినా బాబాయిని నమ్మలేవా పిన్నీ అని. ఆమె గుమ్మం వైపోసారి చూసి గొంతు తగ్గించింది.

"మూటలన్నీ వరండాలోనే పడీసినాడు గదే. అదొక్కటీ మా మంచం కిందెట్టినాడు. నాను వకీలుకీ సెప్పలేదు, మీ నానకీ సెప్పలేదు."

"బాబాయినే అడక్కపోయావా?"

"అడిగితే అవునంటాడేమోనని బయ్యం."

వీధిలో గేటు చప్పుడైంది. బాబాయి బజారు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే, రోజూ చేసే పనిలా సంచీ గుమ్మంలో బోర్లించి, వంకాయలూ టమాటాలూ విడివిడిగా పరిచి, ఖాళీ సంచీ లోపలివైపు తిప్పి చూపించాడు. పిన్ని చూసింది. అప్పుడు ఆయన లోపలికి వచ్చాడు.