నేను చెప్పేదాకా నీళ్ళు కట్టొద్దు

నేను కుదురుగా ఒకచోట ఉండలేని మనిషిని. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బు. ఉద్యాన కళాశాలలో పండ్లతోటల పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. అది చాలదన్నట్టు ముప్పై దాటాక రిజర్వు సైన్యంలో ఆఫీసరుగా చేరాను. ఏడాదిలో పది నెలలు సుద్దముక్క, రెండు నెలలు యూనిఫాం. క్లాసులో అంట్లు కట్టడం గురించి చెబుతుంటే మనసు పరేడ్ గ్రౌండులో తిరుగుతుంది. క్యాంపులో ఉంటే నర్సరీలో మొక్కలకి ఎవరన్నా నీళ్ళు పోశారో లేదో అని పీకుతుంటుంది. మా ఆవిడ నాకు కాలు కాలిన పిల్లి అని పేరు పెట్టింది. పిల్లలు ఆ పేరు నా ముందే వాడతారు.

రెండు కొలువుల వల్లా ఒక అలవాటు మాత్రం గట్టిగా అబ్బింది. మాట ఖచ్చితంగా చెప్పడం. ఇది చెయ్యి, ఇది చెయ్యొద్దు, నేను చెప్పేదాకా ఆగు. క్లాసులో పిల్లలు సగం వింటారు, జవాన్లు మొత్తం వింటారు. మొత్తం వినే మనిషి బయట ఇంకొకరున్నారని నేను ఆలోచించలేదు.

చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయేకొద్దీ నేల ఇసకబారుతుంది. ఆ వైపు ఒక ఊళ్ళో ఒకావిడకి రెండెకరాల నిమ్మతోట ఉంది. భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుకుంటున్నది. ఆదివారం పొద్దున చర్చికి, మిగతా ఆరు రోజులూ తోటకి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, నేను అక్కా అంటాను, ఆమె నన్ను సార్ అంటుంది. మా కళాశాల తరఫున రైతుల తోటలు చూడ్డానికి పోయినప్పుడు పరిచయమైంది. ఆ తోటే ఆమెకి కూడు, గుడ్డ అన్నీ.

నిమ్మని బెట్టకి వదలడమని మా వైపు ఒక పద్ధతుంది. కొన్నాళ్ళు నీళ్ళు ఆపేసి చెట్టుని ఎండగట్టాలి. ఆకు ముడుచుకుని, చెట్టు ఇక బతకనేమో అని బెదిరిపోవాలి. సరిగ్గా అప్పుడు నీళ్ళు కడితే ఒళ్ళంతా పూత పడుతుంది, ఎండాకాలానికి కాయ చేతికొస్తుంది. ఒక్క నాలుగు రోజులు ఎక్కువైతే ఆకు రాలుతుంది, కొమ్మ ఎండుతుంది. నల్లరేగడిలో అయితే నెల ఆగినా తట్టుకుంటుంది. ఇసకనేలలో రెండు వారాలు దాటితే గండమే. ఈ తేడా నేను ఏటా పాఠంగా చెబుతాను, పరీక్షలో అడుగుతాను కూడా.

అక్క ఎప్పుడూ ఆకు చూసి నీళ్ళు కట్టేది. నాకు అది నచ్చలేదు. కంటిచూపు వ్యవసాయం ఎన్నాళ్ళక్కా, ఈసారి లెక్కప్రకారం చేద్దాం అన్నాను. అక్టోబరు వానలు మొదలవకముందే బెట్టకి వదిలించాను. తేమ కొలిచే పరికరం పట్టుకుని మళ్ళీ వస్తాననీ, వచ్చి చూసి చెబుతాననీ అన్నాను.

"నేను చెప్పేదాకా ఒక్క చుక్క కట్టొద్దు. పక్కతోట వాళ్ళు వంద చెబుతారు, వినొద్దు."

"మీరు చెప్పినాక ఇంకొకరి మాట ఎందుకు సార్ వింటాను," అంది అక్క.

పది రోజుల్లో వస్తానన్నాను. ఆరో రోజున క్యాంపుకి రమ్మని కబురొచ్చింది. ఆ కబురొస్తే నాకు ఒళ్ళు తెలీదు. పెట్టె సర్దుకుని, సెలవుచీటీ రాసిచ్చి, రైలెక్కేశాను. పోతూ పోతూ అక్కకి ఒక్క ఫోన్ చేశాను. "డ్యూటీ మీద పోతున్నానక్కా, వారంలో వచ్చేస్తాను" అన్నాను. నీళ్ళ సంగతి ఎత్తలేదు. వారంలో వస్తాను గదా అనుకున్నాను.

క్యాంపులో నాకు చాలా బాగుంటుంది. నిజం చెప్పాలంటే అంత బాగుండకూడదు. తెల్లారకముందే పరుగు, ఒంటికి పట్టిన దుమ్ము, సాయంత్రం జవాన్ల పరాచికాలు. వారం అయ్యాక, కొండల్లో ఇంకో రెండు వారాల శిక్షణ ఉంది, ఎవరన్నా ఆగుతారా అని మా కమాండర్ అడిగాడు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు. కళాశాలకి సెలవు పొడిగింపు రాసి పంపాను, ఇంటికి ఫోన్ చేశాను. అక్క నా బుర్రలోకే రాలేదు.

కొండల్లో ఫోన్లు తీసి పెట్టెలో వేసి తాళం పెట్టారు. పదకొండో రోజున, మనిషికో సీసా నీళ్ళతో సాయంత్రం దాకా నడవాలి. దారిలో ఒక జవాను పెదాలు పగిలి, సీసా చేత్తో పట్టుకుని కూడా మూత తీయకుండా నా వైపు చూశాడు. ఆర్డర్ నేనివ్వాలి. తాగు అన్నాను. ఆ మాట నోట్లో నుంచి వచ్చీ రాగానే అక్క గుర్తొచ్చింది. నెల్లూరు జిల్లాలో ఇంకొకరు నా మాట కోసం కూర్చుని ఉన్నారు. వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. నీళ్ళు ఆపి ఇరవై నాలుగు రోజులు.

శిక్షణ ఇంకో మూడు రోజులుంది. కమాండర్‌ని అడిగితే ఫోన్ ఇచ్చేవాడేమో. నా జవాన్లందరి ముందు, ఆఫీసరునై ఉండి, నిమ్మచెట్ల కోసం ఫోన్ అడగడానికి సిగ్గేసింది. ఆ మూడు రాత్రులూ కన్ను మూతపడలేదు. అయినా అడగలేదు.

శిక్షణ ముగిసి, రైల్వే స్టేషనులో ఫోన్లు తిరిగి ఇవ్వగానే అక్కకి చేశాను. మోగింది, ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. మా కళాశాలలో ఒకరికి చెప్పి పంపించొచ్చు, గంటలో పోగలడు. చెప్పలేదు. ఆ తోటని ఆ స్థితిలో ఇంకో ప్రొఫెసరు చూడటం నాకు ఇష్టం లేదు. తెల్లారేసరికి నేనే పోతాను గదా అని సర్దిచెప్పుకున్నాను. ఇలాంటి సర్దుబాట్లకి నా దగ్గర కొదవ లేదు.

గూడూరులో దిగి, బూట్లు కూడా మార్చకుండా ఆటో ఎక్కాను. డ్రైవరు నా యూనిఫాం చూసి సముద్రం పక్క ఏదన్నా ప్రమాదమా సార్ అని అడిగాడు. కాదన్నాను. దారి పొడుగునా సరుగుడు తోటలు పచ్చగా కనిపిస్తుంటే ఒళ్ళు మండింది.

అక్క తోట గట్టు మీదనే ఉంది. నన్ను చూసి లేచి, కొంగు సర్దుకుంది. తోట చూసి నేను నిలబడిపోయాను. పాదుల్లో ఎండుటాకు మందంగా పరుచుకుంది. కొమ్మలకి ముళ్ళు తప్ప ఏమీ లేవు.

"వచ్చినారా సార్," అంది. "ఇప్పుడు కట్టమంటారా?"

కట్టండి అన్నాను. ఒక్కసారే నింపితే ఉన్న ఆకు కూడా రాలుతుంది, కొద్దికొద్దిగా వదలమన్నాను. ఆమె పోయి మోటారు వేసింది. పార పట్టుకుని కాలవ వెంట నేనూ నడిచాను. గోటితో బెరడు గీకి చూస్తే కొన్నిటికి లోపల పచ్చగా ఉంది, కొన్నిటికి లేదు. లేనివే ఎక్కువ.

"ఆకు రాలేటప్పుడు మీకు తెలియలేదా అక్కా?"

"తెలవకేం సార్. పదహారో రోజే తెలిసింది. పక్కతోట ఆయన తిట్టిపోసినాడు గూడా. మీరు వద్దన్నారు గదా అని ఆగినాను."

"ఒక్క ఫోన్ చెయ్యొచ్చు గదా."

"డ్యూటీలో ఉండే మనిషికి చెట్ల కోసం ఫోన్ చేస్తే బాగుంటదా? తప్పు గదా సార్."

ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంది. తరవాత, ఇంకో సంగతి చెప్పాలి, కోప్పడబాకండి అంది. నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ నాలుగు చెట్లున్నాయి. ఆ నాలుగూ పచ్చగా ఉన్నాయి. పూత అప్పుడే విచ్చుకుంటున్నది, తేనెటీగలు కూడా చేరాయి.

"తప్పు చేసినాను సార్. వంట చేస్తా ఉంటే ఇవి కిటికీలో నుంచి ఎదురుగా కనపడతాయి. చూస్తా చూస్తా అన్నం తినబుద్ధి కాలా. పొద్దున్నే ఎవరూ లేవకముందు బిందెతో పోసినాను. మీ లెక్కలో ఈ నాలుగూ కలపబాకండి, పాడు చేసేసినాను."

నాకు ఏడుపొచ్చింది. యూనిఫాంలో ఉన్నాను, అయినా వచ్చింది. తప్పు మీది కాదక్కా, నాది, నేను మరిచిపోయాను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నా భుజం మీది నక్షత్రాల వైపు చూసి, నాకే ధైర్యం చెప్పింది.

"ఊరుకోండి సార్. మీరేమన్నా సరదాకి పోయినారా?"

సరదాకే పోయాను. ఆ రెండు వారాలూ చెయ్యెత్తి మరీ అడిగి ఉన్నాను. ఆ మాట ఆమెకి ఆరోజు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.