వైకుంఠమన్న బాజూ కేక

వైకుంఠమన్న ఏ పనీ ముందు చెప్పకుండా చేయడు. చెప్పడమంటే చెవిలో చెప్పడం కాదు. గల్లీ ఈ మూల నుంచి ఆ మూలకు వినపడాలి. తుమ్ము వస్తే ముందు చెయ్యి పైకెత్తి "తుమ్ముతున్నా!" అని అరుస్తాడు. ఆ తర్వాతే తుమ్ముతాడు. ఒక్కోసారి ఆ కేకకు తుమ్మే జడుసుకుని వెనక్కి పోతుంది. అప్పుడు "రాలే! క్యాన్సల్!" అని ఇంకో కేక.

ఈ అలవాటు ఎక్కడిదో మాకు తెలుసనే అనుకునేవాళ్లం. అన్న మీరాలం మండీలో తోపుడు బండి తోస్తాడు. నేను అక్కడే మూటలు మోస్తాను. మండీలో బండి తోసేవాడికి హారన్ ఉండదు, గొంతే హారన్. "బాజూ! జర బాజూ!" అని అరుచుకుంటూ పోవాలి. పక్కకు జరగండని అర్థం. అరవకపోతే ఉల్లిగడ్డ బస్తా ఎవరి కాలి మీద పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. మేమంతా పొద్దుగూకగానే ఆ కేకను మండీలోనే వదిలేసి ఇంటికొస్తాం. అన్న మాత్రం వెంట తెచ్చుకుంటాడు.

మా గల్లీ సంతోష్‌నగర్ వెనకాల ఉంది. ఇళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు ఉంటాయి. ఎవరింట్లో పోపు వేసినా అందరికీ దగ్గు వస్తుంది. అన్నకు పక్కింటి కాశమ్మ కుక్కర్ బుసకొట్టడం వినపడితే చాలు.

"కాశమ్మా! నీ కుక్కర్ కూతేస్తది! బాజూ!"

"ఎయ్యనియ్యి నాయినా, దాని పనే గది! నీకెందుకు రంధి?"

ఒకసారి చాంద్రాయణగుట్టలో పెళ్లికి పోయాం. పెళ్లికొడుకు తాళి చేతిలో పట్టుకుని వంగాడు. బ్యాండువాళ్లు బూరలు నోటికి పెట్టుకున్నారు. అది చూసి అన్న లేచి "జోరుగ మోగుతది! తయారుండున్రి!" అని ఒక్కటి అరిచాడు. అయ్యగారి చేతిలోని అక్షింతల పళ్లెం కింద పడింది. పెళ్లికొడుకు తాళి వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు. ఆ ఇంటివాళ్లు తర్వాతి పెళ్లికి మా గల్లీ మొత్తాన్ని పిలవలేదు.

అన్న భార్య నాగమణమ్మ వదిన ఓపికకు దండం పెట్టాలి. "పెండ్లయిన కొత్తల మస్తు మురిసిన కృష్ణయ్యా," అంటుంది నాతో. "చెప్పకుంట ఏ పని జెయ్యడు, ఎంత మంచోడో అనుకున్న. ఇప్పుడు గురకకు గూడ చెప్తుండు. నేను మంచిగ నిద్రల ఉంటె లేపి, 'నాగమణీ, పంటున్నా, గురకొస్తది' అంటడు. గురకతోని నేనెప్పుడు లేవలే. గీ మాటకే లేస్త."

ఇవన్నీ ఒక ఎత్తు, దీపావళి ఒక ఎత్తు.

దీపావళి అంటే మా గల్లీకి ప్రాణం, ప్రాణం మీదకి కూడా. చిచ్చుబుడ్డి చెట్టులా లేస్తుంటే మూటలు మోసిన నడుం నొప్పి కూడా కాసేపు మరిచిపోతాను. కానీ అదే గల్లీలో ఎవరి రాకెట్టో పోయి కాశమ్మ ఆరేసిన చీరలో దూరుతుంది. ఈ మధ్య పటాకుల డబ్బాల మీద పచ్చాకు బొమ్మ వేస్తున్నారు, పొగ తక్కువట. ఆకు పచ్చగానే ఉంది. కాశమ్మ చీరకు పడ్డ చిల్లు మాత్రం ఎప్పటిలాగే నల్లగా ఉంది.

రాత్రి ఎనిమిది నుంచి పది దాకే కాల్చాలని పోలీసులు మైకులో చెప్పి పోతారు. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే సైరన్ కోసం చూసినట్టు మావాళ్లంతా అగ్గిపెట్టెలు పట్టుకుని గడియారం వంక చూస్తారు. ఎనిమిదికి అందరి గడియారాలూ ఒకటే టైం చూపిస్తాయి. పదికి ఎవరి గడియారమూ పనిచేయదు.

ఆ రెండు గంటలూ అన్న ఎర్ర తువ్వాల తలకు చుట్టి గల్లీ పొడుగునా ఉరుకుతాడు. ఎవరు వత్తి దగ్గర వంగినా వాళ్ల వెనకాల ప్రత్యక్షం. "బాజూ! సుత్లీ బాంబు! జగదీశ్వర్ సేటు గేటు కాడ! అగ్గిపుల్ల గీసిండు! పేలుతది! పేలుతదీ!" బాంబు చప్పుడు ఒక్క క్షణంలో అయిపోతుంది. దానికి ముందు అన్న చప్పుడు అయ్యేసరికి కాల్చేవాడికి మళ్లీ ఆకలేస్తుంది.

జగదీశ్వర్ సేటుకు డ్రైఫ్రూట్ దుకాణం ఉంది. గల్లీలో పెద్ద పటాకుల లడీ, అంటే వేల టపాకాయల దండ, కాల్చేది ఆయనొక్కడే. ఆయన కొడుకు వరుణ్ ప్రతి ఏడూ వీడియో తీసి చుట్టాలకు పంపుతాడు. పోయినేటి వీడియో నేను చూశాను. లడీ ఎక్కడా కనపడదు. మొత్తం వైకుంఠమన్న వీపే, దాని చుట్టూ మెరుపులు. నిజామాబాద్ చుట్టాలు ఫోన్ చేశారట. "పండుగ మంచిగ జేసిన్రు గని, ఆ ముందట అరిసేటాయన మీకేమైతడు?"

సేటుకు అక్కడ తిక్క లేచింది. ఈసారి దీపావళి ఇంకా వారం ఉందనగా స్టేషన్‌కు పోయి చెప్పి వచ్చాడు. కానిస్టేబుల్ శ్రవణ్ మోటారు సైకిల్ మీద గల్లీలోకి వచ్చాడు. కుర్రవాడు, ముఖం మీద నవ్వు దాచుకోవడం ఇంకా రాదు.

"ఏం పెద్దమనిషీ, నీ మీద ఫిర్యాదొచ్చింది."

"నేనేం పేల్చలే సార్. అగ్గిపెట్టె గూడ ముట్ట."

"పేల్చినందుకు గాదు, అరిసినందుకు. పటాకల సప్పుడు మీద మస్తు ఫిర్యాదులు సూసిన. పటాకల కంటె ముందొచ్చే సప్పుడు మీద రావుడు గిదే సూస్తున్న."

"చిన్నగ అంట సార్."

"ఏదీ, చిన్నగ అను."

"బాజూ!"

కరెంటు తీగ మీది పావురాలన్నీ ఒక్కసారి లేచి బహదూర్‌పురా వైపు పోయాయి. శ్రవణ్ టోపీ సర్దుకున్నాడు.

"గిది చిన్నగనా?"

"సగమే సార్."

జగదీశ్వర్ సేటు ముందుకొచ్చాడు. "మేం టైముల కాలుస్తం, టైముల ఆపుతం. గీయన అరుపుకు టైమున్నదా?"

"పోనీ సేటూ, ముట్టించే ముందల మీరే ఒక మాట జెప్పున్రి," అన్నాడు అన్న.

"ఎవ్వలికి?"

అన్న మెడ గోక్కున్నాడు. చూపు గల్లీ చివరికి పోయి వచ్చింది. "గల్లీకి."

"గల్లీకెందుకు? గల్లీ ఏమన్న నిద్రవోతదా?"

అందరం నవ్వాం. చివరికి దీపావళి రోజు నోరు తెరిచి అరవనని అన్న మాట ఇచ్చాడు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే. కానీ ఆ రోజు నుంచి మండీలో బండి తోస్తూ కూడా కేక మరిచిపోయేవాడు. ఎవరి కాలో బండి కింద పడబోతే మా మేస్త్రీ సామ్యూల్ గర్జించాడు. "వైకుంఠం! నోరేడ వెట్టినవ్?"

సామ్యూల్ గురించి చెప్పాలి. మా హమాలీలందరికీ ఆయనే మేస్త్రీ. ఆయన మీసం ముందు వస్తుంది, మనిషి వెనకాల వస్తాడు. ఆయన ఒక్కసారి దగ్గితే లారీ డ్రైవర్ చెప్పకుండానే బండి వెనక్కి తీస్తాడు. ఆయన ఇల్లు మా గల్లీ చివరే. దీపావళి నాడు పొద్దుగూకకముందే కిటికీలు, తలుపులు బిగించుకుంటాడు. "మాది క్రిస్మస్. మీ పండుగ మీరు జేసుకోన్రి," అంటాడు. అంత పెద్ద మనిషికి మన చిన్న పటాకులేం ఆనుతాయిలే అనుకునేవాళ్లం.

పండుగ రోజు వచ్చింది. అన్న మీద అన్నకే నమ్మకం లేక ఎర్ర తువ్వాలను నోటికి కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఎనిమిదైంది. మొదటి బాంబు పేలింది. ముందు కేక లేకుండా బాంబు పేలడం మాకే కొత్తగా తోచింది. కాశమ్మ ఉలిక్కిపడి చేతిలోని దీపం వదిలేసింది. "అయ్యో, గిదేంది, గిట్ల చెప్పకుంట పేలుతది?" అని బాంబునే తిట్టింది. తిరిగి చూస్తే గుమ్మంలో అన్న లేడు.

వదిన నా దగ్గరికొచ్చింది. "కృష్ణయ్యా, మీ అన్న యాడికో వోయిండు. ఆపుకోలేక ఏ మూలకు నిలవడి అరుస్తుండో సూడు. మాట దప్పితె మల్ల పోలీసులొస్తరు."

గల్లీ మొత్తం వెతికాను. చివరికి సామ్యూల్ మేస్త్రీ ఇంటి దగ్గర గుసగుస వినపడింది. ఆ గొంతులో గుసగుస కూడా పలుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తలుపు ఓరగా ఉంది. లోపలికి తొంగి చూశాను.

బీరువాకు, గోడకు మధ్య సందులో మా మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. తల మీద నుంచి దుప్పటి. మీసం ఒక్కటే బయట ఉంది. రెండు చేతుల మధ్య ఛాయ్ కప్పు. అన్న తువ్వాల గడ్డం కిందికి లాక్కుని కిటికీ సందులోంచి బయటికి చూస్తున్నాడు.

"వరుణ్ గల్లీ నడుమ సుత్లీ బాంబు వెట్టిండు. అగ్గిపుల్ల గీసిండు. ఆరిపాయె. ఇంకోటి గీసిండు. అంటుకున్నది. ఉరుకుతుండు. ఇగ ఇప్పుడు, మేస్త్రీ."

ఢాం!

"అయిపాయెనా?"

"అయిపాయె. ఇప్పుడు కాకరపువ్వొత్తులు. సప్పుడుండదు. నువ్వు ఛాయ్ తాగు."

"నిజంగ ఉండదా?"

"ఒట్టు."

నాకు నవ్వు ఆగలేదు. నోరు మూసుకుంటే అది ముక్కులోంచి తుమ్మై బయటికొచ్చింది. మేస్త్రీ దుప్పటితో సహా ఎగిరాడు. ఛాయ్ అంతా అన్న బనియన్ మీద పడింది. ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు.

"చెప్పి తుమ్మరాదురా!"

మేస్త్రీ కాసేపు మీసం తుడుచుకున్నాడు. తర్వాత నా వంక చూడకుండా అన్నాడు. "సప్పుడుకు గాదు కృష్ణయ్యా. ఎప్పుడొస్తదో తెలవకపోవుడే నాతోని గాదు. చిన్నప్పటికెల్లి గంతే. ముందల జెప్తె నా పక్కన ఫిరంగి పేల్చినా నిలవడ్త. మండీల గిది తెలిస్తె రేపటి సంది నా దగ్గుకు లారీ గాదు, ఎడ్లబండి గూడ కదలది."

"మరి ఇన్నేండ్లు నువ్వు అరిసింది..." అని అన్న వైపు తిరిగాను. "ఈయన కోసమా? అయితె తుమ్ములేంది? కాశమ్మ కుక్కరేంది? ఆ పెండ్లి లొల్లేంది?"

అన్న బనియన్ పిండుకుంటూ చాలా తేలిగ్గా చెప్పాడు. "ఒక్క పటాకలకే అరిస్తె ఎవ్వలి కోసమని అడగరా? అన్నిటికీ అరిస్తె, వీడింతే, పిచ్చోడని ఊకుంటరు."

"మరి గురక?"

అన్న కొంచెం ఆలోచించాడు. "గురక అలవాటైపోయింది."

ఇంతలో బయట పిల్లలు కేరింతలు కొట్టారు. సేటు పెద్ద లడీ తెస్తున్నాడు. అన్న కిటికీకి అతుక్కుపోయి అటూ ఇటూ చూశాడు. ముఖం మారిపోయింది. "సేటు గేటు ఈడికెల్లి అవుపడదు మేస్త్రీ. ఎప్పుడు ముట్టిస్తరో చెప్పలేను." మేస్త్రీ దుప్పటిలోకి మీసం కూడా పోయింది. బయటికి పోయి ఒక్క కేక వేస్తే సరిపోతుంది. కానీ అన్న మాట ఇచ్చి ఉన్నాడు. తువ్వాల అంచును పళ్లతో కొరుకుతూ నిలబడ్డాడు.

"మాట ఇచ్చింది నువ్వన్నా," అన్నాను. "నేనియ్యలే."

గల్లీలోకి ఉరికాను. సేటు లడీ నేల మీద పాములా పరిపించాడు. వరుణ్ చేతిలో వెలిగించిన అగరొత్తి ఉంది. మూటల కింద అరిగిన గొంతును పైకి లాగి అరిచాను. "బాజూ! సేటు గేటు కాడ లడీ! ముట్టిస్తుండ్రు! బాజూ!"

సేటు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నువ్వు గూడనా?"

"ఒక బండి బందైతె ఇంకో బండి రోడ్డెక్కుతది గద సేటూ."

కాశమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "మంచి పని జేసినవ్! చెప్పకుంట పేలుస్తె నా దీపం వాయె! బాజూ!" నాగమణమ్మ వదిన మేడ మెట్ల మీద నుంచి "బాజూ!" అంది. ఇన్నేళ్ల కసి అంతా ఆ ఒక్క కేకలో తీర్చుకుంది. పిల్లలకు ఇంతకన్నా మంచి ఆట దొరకలేదు. గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా "బాజూ! బాజూ!" వరుణ్ అగరొత్తి వత్తికి పెట్టబోతూ ఆగాడు, వెనక్కి తిరిగాడు, వాళ్ల నాన్న చూస్తుండగానే గొంతెత్తి "బాజూ!" అన్నాడు. తర్వాతే ముట్టించాడు.

లడీ సగం పేలిందో లేదో శ్రవణ్ మోటారు సైకిల్ వచ్చింది. "ఏంది సేటూ? ఒక్కణ్ణి బందు జేస్తె గల్లీ మొత్తం మొదలువెట్టింది! మీ కొడుకు గూడ అరుస్తుండు. పేరు రాసుకోమంటరా?"

సేటు గడ్డం గోక్కున్నాడు. "ఏం రాసుకుంటవ్ తియ్యి సార్. లడ్డూ తిను."

అప్పుడు గల్లీ చివర తలుపు తెరుచుకుంది. దుప్పటిని శాలువాలా భుజాన వేసుకుని సామ్యూల్ మేస్త్రీ బయటికొచ్చాడు. వెనకాల తడి బనియన్‌తో అన్న. "ఏందిరా ఈ లొల్లి?" అని మేస్త్రీ గర్జిస్తే పిల్లలంతా గోడకు అంటుకున్నారు. ఆయన తాపీగా నడిచి వచ్చి నా పక్కన నిలబడి, పిల్లలు సీసాలో పెట్టిన రాకెట్టును చూస్తూ చెవిలో అడిగాడు.

"కృష్ణయ్యా, ఆ రాకెట్టు పేలుతదా, ఉత్తగనే పోతదా?"

"పేలుతది. మీదికి వోయినంక."

"ఎప్పుడు?"

"చెప్త. నిలవడు."

నిలబడ్డాడు. రాకెట్టు పైకి పోయి పూలు చల్లినంతసేపూ నా భుజం పట్టుకునే ఉన్నాడు. బస్తాలకు నొప్పి పుట్టని భుజం అది, రెండు రోజులు సలిపింది. "మస్తున్నదిరా," అన్నాడు పైకి చూస్తూ.

ఇప్పుడు మా గల్లీలో ఎవరు బాంబు ముట్టించినా ముందు బాజూ కేక పడాల్సిందే. సేటు ఇంటి వీడియోలో లడీ కనపడుతోంది, కేకలు మాత్రం వరుణ్‌వే. అన్న తుమ్ముకు ముందు అరవడం మానలేదు. గురక సంగతి వదినను అడగకండి.

ఇదంతా నలుగురికీ చెప్పుకోవచ్చా అని మేస్త్రీని అడిగాను. ఆయన మీసం మెలేసి ఆలోచించాడు. "చెప్పుకో. గని ఏ దినం చెప్తవో అది నాకు ముందల జెప్పు."

అందుకే నిన్న పొద్దుగూకగానే ఆయన గుమ్మం ముందు నిలబడి, గల్లీ అంతా వినేలా చెప్పి వచ్చాను.

"మేస్త్రీ! రేపు నీ ముచ్చట పేలుతది! బాజూ!"