సేఫ్టీ కారును దాటిన రోజు

మా కుర్రతనంలో టీవీలో కారు రేసు ఉందంటే చాలు, ఆ ఆదివారం చర్చిలో ప్రసంగం ఎంతకీ అయ్యేది కాదు. ఇంటికొచ్చి అన్నాలు తిని తాతయ్యా నేనూ టీవీ ముందు చేరేవాళ్లం. ఆయన తిరుమలగిరిలో మిలిటరీ ట్రక్కులు నడిపి రిటైరైన మనిషి. ఓసారి రేసులో యాక్సిడెంటయితే ఎక్కణ్ణుంచో ఒక కారు ముందుకొచ్చింది, మిగతావన్నీ బుద్ధిగా దాని వెనక వరుస కట్టాయి. అది సేఫ్టీ కారనీ, పూర్వం పసుపు జెండాలు ఊపి ఊరుకునేవారనీ, జెండాకు లొంగని వాళ్ల కోసం కారునే ముందు నడపడం మొదలుపెట్టారనీ నాకు తెలిసినంత చెప్పాను. "దాన్ని ఎవ్వడు దాటొద్దా? మంచిగుంది రూలు," అన్నాడు తాతయ్య.

ఆ రూలు మా ఇంట్లో అప్పటికే ఉంది. ముప్ఫై మించని ఆయన స్కూటరును ఇంట్లో ఎవరూ దాటకూడదు. దాటితే ఇంటికొచ్చాక, "ఏం కొంపలు అంటుకున్నయ్‌రా?" అని తిట్లు షురూ. (బాబాయి ఒక్కసారి దాటి, పెళ్లయ్యేదాకా ఆ మాట పడ్డాడు.) ఆ రోజు నుంచి ఆయన పేరు సేఫ్టీ కారు. బేగంపేటలో నా మొదటి ఉద్యోగానికి ఆ మాటను మోసుకెళ్తే, అక్కడివాళ్లు దాన్ని అందరి ప్రమోషన్లకూ అడ్డంగా కూర్చున్న పెద్దసారుకు తగిలించారు. ప్రాణాలు కాపాడే మాట కాస్తా తిట్టయి కూర్చుంది.

ఆ ఏడాదే తాతయ్య పోయాడు. రాంగోపాల్‌పేట్ చర్చిలో ప్రార్థనయ్యాక పెట్టెను వ్యానులో పెట్టి తిరుమలగిరి సమాధులకు బయలుదేరాం. డ్రైవరుకు ఇంకో బుకింగ్ ఉందట, రయ్యిమని పోతున్నాడు. చర్చి పెద్దల స్కూటర్లు ఎక్కడో సిగ్నల్ దగ్గరే చిక్కుకున్నాయి. నేను మా పాత కారు నడుపుతున్నాను, పక్కన నానమ్మ. "జనంల ముఖం సుత సరిగ చూడలే బిడ్డా. మనం పోయేసరికి మన్ను పోసేస్తరు. ఒక్కడే పోతున్నడు," అని ఒకటే ఏడుపు. హారన్ కొట్టినా డ్రైవరు వినడు. ఇక తెగించి వ్యానును దాటేసి, దాని ముందు ముప్ఫైలో నడపడం మొదలుపెట్టాను.

"ఏందన్నా, దమాక్ ఖరాబైందా? శవం బండికి అడ్డమొస్తవా?" అని డ్రైవరు కిటికీలోంచి అరుస్తున్నాడు. వెనక స్కూటర్లు ఒక్కొక్కటే వచ్చి కలుస్తున్నాయి. నానమ్మ వెనక్కి తిరిగి వ్యానును చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీ తాతను దాటినవ్‌రా. ఇంటికొచ్చినంక తిడ్తడు," అంది.

నవ్వబోయి ఇద్దరం ఏడ్చాం. సమాధి దగ్గర పెట్టె మూత తీయించి, ఆమె ఆయన ముఖం తనివితీరా చూసుకుంది.

ఇప్పుడు ఆ పేరు నాకొచ్చింది. మొన్న తిరుమలగిరి రోడ్డు మీద మా అమ్మాయి స్కూటీ మీద నా వెనకాలే వస్తూ, "నాన్నా, జెర పోనియ్," అని హారన్ మీద హారన్ కొట్టింది, దాటలేదు మాత్రం. నన్ను దాటాల్సిన రోజు దానికీ ఒకటి వస్తుంది. అందుకే ఎంత మోగించినా ముప్ఫైలోనే ఇంటికి తీసుకొచ్చాను.