తనకల్లు అడ్డదారిలో నీళ్ళు పోసిన మనిషి

దయ్యాల కథలంటే నాకు భయం కాదు, చిరాకు. ఎవరైనా మొదలుపెడితే, "నువ్వు చూశావా, ఎవరో చెప్పగా విన్నావా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. ఇప్పుడు అదే ప్రశ్న నన్నడిగితే చూశాననే చెప్పాలి.

మాది గోరంట్ల. పోయినేడు ఒక్కణ్ణే వీపుకి సంచి తగిలించుకుని నేపాల్, థాయిలాండ్, లావోస్, వియత్నాం తిరిగాను. చేతిలో పెద్దగా ఏమీ లేదు కాబట్టి దొరికిన లారీ ఎక్కడం, రాత్రికి ఏ బౌద్ధ మఠంలోనో పడుకోవడం. లావోస్ కొండల్లో దారి తప్పాను. హనోయిలో జ్వరమొచ్చి నాలుగు రోజులు లేవలేదు. ఎక్కడా వింతేమీ జరగలేదు. జరిగింది మా ఇంటికి రెండు రోజుల నడక దూరంలో.

తిరుగు ప్రయాణంలో చెన్నై నుంచి బస్సుల్లో వచ్చి తనకల్లులో దిగాను. చివరి దారి నడిచే పూర్తిచేయాలని పంతం. మే నెల. పొద్దున ఎనిమిదికి తారురోడ్డు వదిలేసి చేల మధ్య అడ్డదారి పట్టాను.

వియత్నాంలో అయితే మూడు సీసాల నీళ్ళు మోసేవాణ్ణి. ఇక్కడ ఒక్కటే. మన చేలే కదా, ఏదో ఒక బోరు దగ్గర పట్టుకుందామనుకున్నాను. మా వైపు దాహమన్నవాణ్ణి ఏ రైతూ కాదనడు. కాదనడానికైనా అక్కడ ఎవరో ఒకరుండాలి కదా. మొదటి బోరుకి మోటారు విప్పుకుని పోయారు. రెండోదీ అంతే. మూడోదాని పైపు మీద బండరాయి పెట్టి మూసేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచొచ్చి ఇంట్లో చచ్చేట్టున్నాను.

పన్నెండు దాటేసరికి చెమట పట్టడం ఆగిపోయింది. అది మంచి గుర్తు కాదని నాకు తెలుసు. ఫోనుకి సిగ్నల్ లేదు. కనుచూపు మేరలో అన్నీ బీళ్ళే. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. కూర్చుంటే మళ్ళీ లేవలేనని నిలబడకుండా నడిచాను. చచ్చిపోతానని నాకు నిజంగా అనిపించింది బతుకులో ఆ ఒక్కసారే.

అప్పుడు బండ్లబాట పక్కన కానుగ మండలు కప్పిన చిన్న పందిరి కనబడింది. కింద ఇసుకలో రెండు కుండలు. పోయినవాళ్ళ పేరు మీద ఎండాకాలం దారిలో ఇట్లా నీళ్ళు పెట్టడం మా వైపు ఉంది.

కుండల పక్కన ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో. వెలిసిపోయిన నీలం చీర. బరువు మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే చుట్టగుడ్డ ఇంకా తలమీదే ఉంది. ఏ ఊరని గానీ, ఎవరని గానీ అడగలేదు.

"దోసిలి పట్టప్పా," అంది.

పట్టాను. చెంబుతో సన్నగా పోసింది. గబగబా మింగబోతే పోయడం ఆపేసింది.

"మెల్లగా తాగు. ఒకేతూరి తాగితే కడుపు పట్టుకుంటాది."

మళ్ళీ పోసింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసిపోయింది. కొంచెం మట్టివాసన, చల్లగా ఉన్నాయి. నా సీసా కూడా నింపింది. అడుగున మిగిలినవి సైతం కుండ వంచి నా దోసిట్లోనే పోసింది.

"నువ్వు తాగవా అక్కా?" అన్నాను.

"ముందు నువ్వు తాగు. నేను ఆనక తాగుతాలే."

ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. అది చూశాను. చూసి కూడా తాగాను.

పందిరి గుంజకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. రెండు నిమిషాలు కూడా అయ్యుండదు, మోపెడ్ చప్పుడైంది. కళ్ళు తెరిస్తే ఆమె లేదు. వెనక సీటుకి రెండు బిందెలు కట్టుకుని యాభై పైబడిన మనిషి దిగాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"ఎంతసేపాయప్పా వచ్చి? ట్యాంకరు రాక మూడు దినాలాయ. కుండలు ఎండిపోయినాయి. ఎవురన్నా వస్తే ఎట్లా అని బయపడతా వచ్చినా."

ఒకావిడ పోసిందని చెప్పాను. ఆయన కుండల్లోకి తొంగి చూశాడు. నేనూ చూశాను. రెండింటి అడుగునా ఎర్రటి దుమ్ము. కింద ఇసుక పొడిగా ఉంది. నా చొక్కా మాత్రం తడిగానే ఉంది, సీసా నిండుగా ఉంది. ఆయన నా చొక్కా పట్టి చూశాడు.

"ఎట్లుండె ఆయమ్మ?"

నీలం చీర, చుట్టగుడ్డ చెప్పాను. ఆయన అక్కడే గొంతుకూర్చున్నాడు.

"నా పెండ్లామప్పా. నాలుగేండ్ల కింద, ఇట్లాంటి ఎండలోనే కట్టెలమోపు ఎత్తుకొస్తా ఈడ పడిపాయ. నీళ్ళు నీళ్ళు అనె. నేను ఊర్లోకి పరిగెత్తి తెచ్చేలోగా పాణం పాయ."

ఈ కుండలు ఆమె పేరు మీద పెట్టినవే.

ఎండదెబ్బకి లేనివి కనబడతాయని తర్వాత డాక్టరు చెప్పాడు. ఒప్పుకుంటాను. సీసాకి ఎండదెబ్బ తగలదు కదా. అందులోకి నీళ్ళెలా వచ్చాయో ఈ రోజుకీ నాకు తెలియదు, ఆమె భర్తకీ తెలియదు.

ఆ రోజు ఆయన లేచి, బిందెలు విప్పి కుండలు నింపాడు. ఎటు పోయిందని అడుగుతాడనుకున్నాను. ఒక్కటే అడిగాడు.

"అది తాగినాదాప్పా?"

తాగిందన్నాను. కడుపునిండా తాగిందన్నాను.