చిన్నాయన ఇంటికొచ్చిన కథ

మొన్న వంటింట్లో జల్లెడ అన్న మాట నోటికి రాక, "అదే, పిండిలో పొట్టు తీసేది" అని చెయ్యి ఆడించి చూపిస్తే మా అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల గుబులు పుట్టింది. మా నాయనకూ ఇలాగే మొదలైంది మరి.

నాయన వలస కూలీల మేస్త్రీ. పెద్దమందడి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను లారీలో ఎక్కించుకుని, ఎక్కడెక్కడో ఆనకట్టల మట్టిపనులకు తీసుకుపోయి, వానలకు ముందు తిరిగొచ్చేవాడు. వచ్చాక వాకిట్లో మంచం వేసుకుని ఆ ముచ్చట్లు చెబుతుంటే పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. మట్టిపెళ్ళలు విరిగిపడి మా చిన్నాయన చనిపోయిన సంగతికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు తగ్గిపోయేది. పెళ్ళయిన రెండో ఏడే అలా భర్తను పోగొట్టుకుని మాతోనే ఉండిపోయిన చిన్నమ్మ, ఆ మాట రాకముందే లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు నాయన నోటి నుంచి ఒక్కొక్క మాటే జారిపోసాగింది. పారను "తవ్వేది" అనేవాడు, నన్ను అమ్మ పేరుతో పిలిచేవాడు, ఎత్తుకున్న కథ సగంలో ఆగి మళ్ళీ మొదటికి వచ్చేది. ఇది తగ్గే జబ్బు కాదని, మాటమాటకీ సరిదిద్ది ఆయన్ని బాధపెట్టవద్దని వనపర్తి దవాఖానలో డాక్టరు చెప్పినా, అమ్మకు మనసొప్పేది కాదు. ఆమె మాట అందించేది, ఆయన ఉడుక్కునేవాడు.

ఒక సాయంత్రం నాయన మళ్ళీ ఆ కథే ఎత్తుకున్నాడు. మట్టి విరిగిపడిందన్న దాకా వచ్చి, కాసేపు తడుముకుని, "గంతలోనే తమ్ముడు లేసిండు. బట్టలు దులుపుకున్నడు. బస్సెక్కి ఇంటికొచ్చిండు" అన్నాడు.

"ఏంది, గట్ల గాదు..." అని అమ్మ అనబోయింది. గడప దాటి వెళ్ళబోతున్న చిన్నమ్మ వెనక్కి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "ఉండక్కా, చెప్పనీ" అని, మంచం పక్కన కింద కూర్చుంది.

"ఇంటికొచ్చి ఏం జేసిండు బావా?"

నాయన ఆమె వంక తిరిగాడు. "ఆకలైతుందన్నడు. నువ్వే పెడ్తివి గద."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నేళ్ళలో ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. ఏడుస్తూనే, "అవు బావా, పెట్టిన" అంది.

ఆ తర్వాత అమ్మ ఆయన్ని సరిదిద్దలేదు. మాటలన్నీ పోయి ఆయనకు "వచ్చిండు" అన్నదొక్కటే మిగిలినప్పుడు, మిగతా కథంతా చిన్నమ్మే చెప్పేది, ఆయన తలూపుతూ వినేవాడు.

ఇప్పుడు ముగ్గురూ లేరు. మా పొలాలకు కాలువ నీళ్ళొచ్చాయి, లారీలెక్కి పోయేవాళ్ళు తగ్గారు, వాకిట్లో కూర్చుని ఒకరి కథ ఒకరు వినే తీరికా పోయింది. చిన్నాయన ఎలా పోయాడో తెలిసినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. పిల్లలు అడిగితే జరిగిందే చెప్పాలనుకుంటాను. కానీ వాళ్ళు అడగరు, నాకేమో ఆ కథ తలచుకుంటే చిన్నమ్మ చెప్పిన తీరే గుర్తొస్తుంది.